ఆఖరి సీసా

"గోడ మీద వేళ్లు నడిపించు పిన్నీ. సాలీడులా పైపైకి" అంది ఫిజియోథెరపీ అమ్మాయి.

రొమ్ముకి ఆపరేషన్ అయ్యాక ఆ రైతమ్మ కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి చెవి దాకా కూడా లేవడం లేదు.

"ఇలాగైతే మందు పంపు ఎలా మోస్తానే తల్లీ? టమాటా తోటకి తెగులు తగిలింది. ఆకులు మాడిపోతున్నాయి. కొట్టిన మందల్లా దండగే."

పక్కన గోడకి వేళ్లు పాకిస్తున్న పెద్దాయన ఆగి, విన్నాడు.

మెడకి చేసిన ఆపరేషన్‌లో ఆయనకి గొంతు పోయింది. భుజమూ పట్టేసింది.

మర్నాడు ఆయన ఒక నల్లటి సీసా, మడిచిన కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. చదవమన్నట్టు కాగితం మీద తట్టాడు.

ఆమెకి చదువు రాదు. నలుగురిలో ఆ మాట అనడానికి నామోషీ. కాగితం విప్పి, కళ్లు అటూ ఇటూ తిప్పి, "అలాగేనండీ" అంది.

ఆయన మొహం వికసించింది.

ఆమె ఇంటికెళ్లి సీసాలోది భుజానికి పట్టించింది.

"ఏంటి అత్తయ్యా ఈ కంపు? సముద్రం ఇంట్లోకి వచ్చిందా?" కోడలు ముక్కు మూసుకుంది.

"తైలంలేవే. భుజం పట్టేసిన పెద్దాయన ఇచ్చాడు."

"ఆయన చెయ్యే లేవదు, నీకు వైద్యమా!"

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఎనిమిది రోజుల్లో సీసా ఖాళీ అయింది. భుజం అలాగే ఉంది.

ఎలా ఉందని పెద్దాయన కళ్లతోనే అడిగాడు.

"ఏం గుణం కనబళ్లేదండీ. మొత్తం వాడేశాను."

గోడ మీద ఆయన వేళ్లు కిందికి జారిపోయాయి.

ఆ తర్వాత ఆయన రాలేదు.

తోట మోడైపోయింది. కొడుకూ కోడలూ మొక్కలు పీకి కుప్ప వేశారు.

"పెద్దాయన రావట్లేదేమే?" ఒకరోజు ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగింది.

"పోయారు పిన్నీ. మొన్ననే. జబ్బు తిరగబెట్టింది."

ఆమె సంచి అడుగు నుంచి కాగితం తీసింది.

"నాకు చదవడం రాదు తల్లీ. ఇందులో ఏముందో చెప్పు."

అమ్మాయి మెల్లగా చదివింది.

"అమ్మా, పంపుకి రెండు మూతలు కలిపి ఆకుల మీద కొట్టండి, మీ తోటంతటికీ సరిపోతుంది. ముప్పై ఏళ్లు ప్రయోగశాలలో కూర్చుని సముద్రపు నాచులోంచి ఈ తెగులుకే మందు తీశాను, మిగిలింది ఈ ఒక్క సీసానే, మీ తోట నిలబడిందని ఒక్క మాట చెబితే నిశ్చింతగా పోతాను."