పొంగిన పాలు

అడవిలో జంతువులన్నీ కలిసి సంత కోసం కొత్త భవనం కట్టుకున్నాయి. నెమలి ఈకలు దువ్వుకోడానికి అద్దాల గది, పందికి బురద తొట్టి, పగలంతా నిద్రపోయే గుడ్లగూబకి చీకటి కొట్టు! కట్టినవాళ్లకి ఎన్నెన్ని గుర్తొచ్చాయో.

గృహప్రవేశానికి పాలు పొంగించాలి కదా. మేనేజరు నక్క పొద్దున్నే నల్లమ్మ అనే గేదె దగ్గరికెళ్లి, "నీ చేతి చలవ, తల్లీ, నీ పాలైతేనే మాకు శుభం" అని బతిమాలి, కుండెడు పాలు తెచ్చి పొయ్యి మీద పెట్టింది.

వేడుక చూడ్డానికి నల్లమ్మ కూడా దూడని వెంటపెట్టుకుని వచ్చింది. కాసేపటికే దూడ ఆకలికి అరవడం మొదలెట్టింది.

"నక్కగారూ, బిడ్డకి పాలిచ్చుకోవాలి. కాస్త చోటు చూపిస్తారా?"

నక్క మొహం చిట్లించింది. "ఇంతమంది పెద్దల ముందు ఇదేం పనమ్మా! వెనకాల పెంటకుప్ప ఉంది, దాని చాటుకెళ్లు."

సరిగ్గా అప్పుడే కుండలో పాలు పొంగి పొయ్యి మీదా నేల మీదా పారాయి. "శుభం! శుభం!" అంటూ అధ్యక్షులవారు, అంటే ఏనుగు, తొండమెత్తారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నల్లమ్మకి ఒళ్లు మండిపోయింది. దూడతో తిన్నగా వెళ్లి ఆ పొయ్యి పక్కనే, అధ్యక్షులవారి ఎదురుగా నిలబడింది. దూడ పొదుగుని ఒక్క కుమ్ము కుమ్మి తాగడం మొదలెట్టింది.

"నా పాలు నేల తాగితే శుభం, నా బిడ్డ తాగితే సిగ్గా?" అంది నల్లమ్మ. "సిగ్గేసినవాళ్లు వెళ్లండి, ఆ పెంటకుప్ప చాటుకి!"