ఎర్ర గిటార్‌కి తెల్ల రంగు

"దీన్ని ఎవరూ గుర్తుపట్టకూడదండి," అంది దేవిశ్రీ. బస్సెక్కిన దగ్గర్నుంచీ ఆ ఒక్క మాట కోసమే ధైర్యం కూడగట్టుకుంటోంది.

ఆశీర్వాదం గోనెసంచి విప్పాడు. రాజమండ్రి చర్చిల్లో గిటార్ ఏది మూగబోయినా ఆయన కొట్టుకే వస్తుంది. ఇలాంటిది మాత్రం ఎప్పుడూ రాలేదు. ఎర్ర రంగు పొక్కులు లేచిపోయింది. తీగలు తుప్పు పట్టాయి. తీగలు బిగించే కీలు తిరగడం లేదు. వెనక మూత తీస్తే లోపల వైర్లన్నీ పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి.

"దొంగసొత్తేంటమ్మా?" నవ్వాడాయన.

"అయ్యో, కాదండి. మా అన్నయ్యదండి."

"మరి ఎవరికి తెలియకూడదు?"

"నాన్నకండి."

అన్నయ్య దుర్గాసాయి ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. పోయినేడు తునిలో ప్రోగ్రాం చేసి వస్తుంటే వ్యాను బోల్తా పడింది. గిటార్ గీత పడకుండా ఇంటికి చేరింది. అన్నయ్య చేరలేదు.

పెద్దకర్మ నాడు నాన్న సత్తియ్య, రేవు నిండా జనం చూస్తుండగా పడవ నడిగోదాట్లోకి తోలి, దాన్ని నీళ్ళలోకి విసిరేశాడు. "ఇంకోసారి నా ఇంట్లో ఇది మోగిందంటే నన్నూ ఇందులోకే తొయ్యండి!" అని అరిచాడు.

మర్నాడు పొద్దున్నే గిన్నెలు తోమడానికి రేవులోకి దిగింది దేవిశ్రీ. పడవ కట్టే గుంజ దగ్గర ఎర్రగా ఏదో తేలుతోంది. గుంజకున్న నైలాను తాడు గిటార్ మెడకి చిక్కుకుంది. ఎదురు తిరిగిన మెలికలు. ఎంత లాగినా ఊడలేదు. చేపల కత్తితో కోసి, పరుగున తెచ్చి, పాకలో చిరుగు వలల కింద దాచేసింది. గోదారి జాలిపడి తిరిగిచ్చిందనుకుంది.

అన్నయ్య నేర్పిన పాట ఒక్కటే. అది వేళ్ళలోంచి జారిపోతోందని ఆమెకు భయం. నాన్న కంటపడితే ఇది మళ్ళీ నీళ్ళలోకే అని ఇంకా పెద్ద భయం. గోదారి రెండోసారి ఇవ్వదు.

"రంగు మార్చేస్తాను. కీలు, బ్రిడ్జి, పికప్‌లు అన్నీ కొత్తవే వేస్తాను," అన్నాడు ఆశీర్వాదం. "ఒళ్ళు మాత్రం అదేనమ్మా. కన్నవాళ్ళు పోల్చుకుంటే నేనేం చెయ్యలేను."

గిటార్ తిరగేసి ఆగాడు. "ఈ చేపబొమ్మ ఎవరు చెక్కారు?"

"అన్నయ్యండి."

"ఉంచేయనా?"

ఆమె చేప మీద ఒకసారి వేలు ఆనించి తీసేసింది.

"గీకేయండి."

ఉప్పుకాగితం చప్పుడు ఆగేదాకా రోడ్డు వైపే చూస్తూ నిలబడింది.

వారం తర్వాత పని పూర్తయ్యాక గిటార్ పాలలా తెల్లగా మెరిసింది. దేవిశ్రీ కాళ్ళకు ఇప్పుడు వెండి పట్టీలు లేవు.

ఇల్లు చేరే వేళకి నాన్న ఏటి మీద ఉంటాడనుకుంది. ఆయనేమో అరుగు మీద కూర్చుని, ఎడమ చేత్తో వల బాగుచేసుకుంటున్నాడు. ఆమె గుమ్మం ముందే ఆగిపోయింది.

"ఎవరిదే అది?"

"కాలేజీది నాన్నా. వార్షికోత్సవానికి ఇచ్చారు." బస్సులో వల్లె వేసుకున్న అబద్ధమే.

"పట్టీల చప్పుడు లేదేంటి?"

"తెగి... తెగితే తీసేశాను నాన్నా."

సత్తియ్య ఆమె కాళ్ళకేసి చూశాడు. తర్వాత గిటార్‌కేసి చూశాడు.

"ఇలా తే."

ఇవ్వకుండా ఎలా? అందించింది. నాన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో మెడంతా తడిమాడు. తిరగేశాడు. వేలు వెనక పలక మీద పాకుతూ, ఇదివరకు చేప ఉన్న చోట ఆగిపోయింది.

ఆయన వెనకే రేవు. రేవులో పడవ.

"దీని బెల్టేదే?" అన్నాడు.

"ఇవ్వ... ఇవ్వలేదు నాన్నా."

"చేతిలోంచి జారిపోద్ది కదే."

పక్కనున్న నైలాను తాడు బారెడు కోశాడు. గిటార్‌కి రెండు చివర్లా ఉన్న బొడిపెలకు కట్టి, గట్టిగా లాగి చూశాడు. ఆమె మెడలో వేశాడు. తలెత్తకుండా మళ్ళీ వల అందుకున్నాడు.

"ఇంక ఊడదు. వాయించుకో."

దేవిశ్రీ తాడు సర్దుకోబోయి ముడి చూసింది: ఎడమచేతి వాటంతో ఎదురు తిరిగిన రెండు మెలికలు, లోపలికి దోపిన కొస. ఆ పొద్దున రేవులో గుంజ దగ్గర, చిక్కనుకుని తను కత్తితో కోసింది ఈ ముడినే.