నాగా లేని ఆట

మాస్టారి బల్ల దగ్గర ఆరేళ్ళలో ఒక్క శనివారం కూడా ఆట ఆగలేదు. ఎవరూ నాగా పెట్టలేదు. ఎవరూ ఆలస్యంగా రాలేదు. పెళ్ళాం పిలిచిందని మధ్యలో లేచిపోయినవాడు లేడు. బల్ల మీద ఒక్క ఫోను మోగలేదు.

"అంతా కథ చెప్పే తీరులో ఉంది," అనేవారు మాస్టారు మీసం దువ్వుకుంటూ.

ఆట పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మాస్టారు కథ చెబుతారు. చుట్టూ కూర్చున్న నలుగురికీ తలా ఒక పాత్ర. "ఎదురుగా గుహ. లోపల ఏదో గుర్రుమంటోంది. ఏం చేస్తావ్?" అని ఆయన అడుగుతారు. ఆటగాడు ఏం చేస్తాడో చెబుతాడు. అది ఫలిస్తుందో లేదో రేకు డబ్బాలోంచి తీసిన చీటీ మీది అంకె తేలుస్తుంది. పెద్ద అంకె వస్తే ఫలించినట్టు.

లోకంలో అందరూ ఈ ఆటకి పాచికలు వాడతారు. ఇక్కడ పైవాళ్ళు ఒప్పుకోరు, జూదమవుతుందని. మాస్టారు దాన్ని కూడా తన గొప్పగానే చెప్పుకునేవారు. "పాచికదేముంది, దొర్లి ఊరుకుంటుంది. చీటీ మడత విప్పుతుంటే గుండె కొట్టుకుంటుంది చూడు, అదీ కళ!"

ఆయన దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. ఆట నడిపేవాళ్ళ కోసం అందులో నలభై సూత్రాలు రాసుకున్నారు. కుదరదు అనే మాట నోట రానివ్వకు. బిడియస్తుడికి కూడా వంతు ఇవ్వు. ఆటగాడి స్వేచ్ఛే ఆటకి ప్రాణం. ఈ మూడోదాని కింద రెండు గీతలు కూడా గీశారు. ఆటగాళ్ళు సమయానికి రావడం లేదని ఇలాంటి ఆటే నడిపే ఎవరో గేమ్ మాస్టర్ ఒక పాత పత్రికలో వాపోతే, చదివి పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట!"

నిజం చెప్పాలంటే బల్లకి ప్రాణం దర్జీ. వంటాయన రాజు వేషంలో కూర్చుని ఆవలిస్తాడు. డ్రైవరు ఏ చిక్కొచ్చినా కత్తి దూస్తాడు. పెద్దాయనకి తన పాత్ర పేరే గుర్తుండదు. దర్జీది మాంత్రికుడి పాత్ర. అతను నోరు విప్పితే రాక్షసుడు కూడా వరసకి మేనమామ అయిపోయేవాడు. నలుగురూ పగలబడి నవ్వాల్సిందే.

ఒక శనివారం ఆ దర్జీయే చల్లగా చెప్పాడు.

"మాస్టారూ, నా దరఖాస్తు కమిటీ ముందుకొచ్చింది. గురువారం పిలిచారు. వాళ్ళు ఊఁ అంటే ఇంటికెళ్ళిపోతా. నేనిక్కడికి వచ్చేటప్పటికి మా అమ్మాయి పాకేది. ఇప్పుడు రెండో తరగతి."

వంటాయన అతని వీపు తట్టాడు. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. మాస్టారి గుండెల్లో మాత్రం రాయి పడింది. ఖాళీ కుర్చీ కళ్ళ ముందు కదిలింది, పక్కనే ఆవలించే రాజు.

సోమవారం కుట్టు షెడ్డుకి వెళ్ళి దర్జీ మిషను పక్కన కూర్చున్నారు.

"కమిటీ ముందు ఏం చెబుదామనుకుంటున్నావ్, తమ్ముడూ?"

దర్జీ జేబులోంచి కాగితం తీశాడు. "మా ఓనరుతో జరిగిన ఆ పాత గొడవ గురించి అడుగుతారట. తప్పయిపోయింది, ఇంకెప్పుడూ అలా చెయ్యనని రాసుకున్నా. బట్టీ కూడా పట్టేశా."

మాస్టారు చదివి ముక్కు మీద వేలేసుకున్నారు.

"అప్పజెప్పిన పాఠాన్ని ఎవడు నమ్ముతాడయ్యా? ఆరేళ్ళుగా నీకు నేర్పింది ఇదేనా? ఆ ఓనరు నిన్ను నలుగురిలో నానా మాటలూ అన్నాడా, లేదా?"

"అన్నాడు."

"మరి తప్పెవరిది?"

"వాడిదే."

"మరి నువ్వు తలొంచుతావేంటి? నీ మాంత్రికుడు ఏ రాజుకైనా తలొంచాడా? మళ్ళీ ఆ రోజొచ్చినా అదే చేస్తానని కళ్ళలోకి చూసి చెప్పు. నీ నిజాయితీకి ముచ్చటపడి పంపించకపోతే నన్నడుగు."

దర్జీ మిషను చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఆలోచించాడు. తర్వాత కాగితం చింపేశాడు.

"మీరు చెప్పారంటే ఇంక తిరుగులేదు, మాస్టారూ."

"నేను చెప్పాననకు. నిర్ణయం నీది," అన్నారు మాస్టారు. మూడో సూత్రాన్ని ఆయన ఎన్నడూ తప్పలేదు మరి.

శనివారం మూడింటికల్లా నాలుగు కుర్చీలూ నిండాయి. దర్జీ కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఏమన్నారు?" అన్నాడు డ్రైవరు.

"మళ్ళీ అదే చేస్తానన్నా. ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ఫైలు మూసేశారు. మూడేళ్ళ తర్వాత మళ్ళీ పెట్టుకోమన్నారు."

మాస్టారు గట్టిగా నిట్టూర్చారు. అది దుఃఖంలా వినబడటానికి పాపం చాలా కష్టపడ్డారు.

"నిజం చెబితే తట్టుకోలేరు, తమ్ముడూ. వాళ్ళ ఖర్మ. సరే, నువ్వు గుహ ముందున్నావు. లోపల గుర్రుమంటోంది. ఏం చేస్తావ్?"

దర్జీ డబ్బాలో చెయ్యి పెట్టాడు.

"వెనక్కి తిరిగి ఇంటికెళ్ళిపోతా."

చీటీ విప్పాడు. ఒకటి.

"అయ్యయ్యో, కొండచరియ పడింది. దారి మూసుకుపోయింది," అన్నారు మాస్టారు.

ఆ రోజు ఆట మహా రంజుగా సాగింది. చివర్లో మాస్టారు నోటు పుస్తకం తెరిచి నలభై ఒకటో సూత్రం రాసుకున్నారు: ఆటగాణ్ణి బలవంతాన ఆపకు, తనంతట తానే ఆగిపోయేలా కథ నడుపు.

ఐదింటికి గంట మోగగానే జైలు వార్డరు వచ్చి, ఐదుగురినీ వరసలో నిలబెట్టి లెక్క సరిచూసుకుని, ఎవరి గదిలోకి వాళ్ళని పంపి బయట తాళాలు వేసుకుంటూ వెళ్ళిపోయాడు.