చెరువు గట్టు ఇంజన్

మంగళవారం ఉదయం పదకొండు ఇరవైకి మైపాడు రోడ్డులో హరినాథ్ కారు మూడోసారి ఆగింది.

బానెట్ కింద నుంచి ఆవిరి వచ్చింది.

"ఇంజన్ మార్చినావా, పొయ్యి పెట్టినావా?" అన్నాడు హరినాథ్.

పక్క సీట్లో ఉన్న మెకానిక్ జాకీర్ దిగి బానెట్ ఎత్తాడు.

హరినాథ్ రొయ్యగుడ్లు పొదిగించే హేచరీ నుంచి రొయ్యపిల్ల సంచులను చెరువులకు చేరవేస్తాడు. పాత ఇంజన్ బరువు లాగలేకపోయింది. పోయిన నెల రెండు లోడ్ల పిల్ల దారిలోనే చచ్చింది. ఈ గురువారం లోడు వేళకు చేరకపోతే పని ఇంకొకరికి ఇస్తామని హేచరీ వాళ్లు చెప్పారు.

అందుకని పెద్ద ఇంజన్ కొన్నాడు. అది ఇందుకూరుపేట దగ్గర ఆదిశేషమ్మ రొయ్యల చెరువు గట్టు మీద, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లను తిప్పిన డీజిల్ కారు ఇంజన్.

పాతదాని చోట అది పట్టలేదు. జాకీర్ ఇంజన్ కూర్చునే మౌంటింగులు కోసి వెల్డింగ్ చేశాడు. బానెట్ మూతపడలేదు. దాన్నీ కోశాడు. ఇప్పుడు వేడి.

కారును తాడు కట్టి జాకీర్ షెడ్డుకు లాక్కొచ్చారు.

షెడ్డు ముందు ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. సోమవారం కూడా వచ్చాడు.

"అబ్బయ్యా, రేడియేటర్‌లో ఏం లేదు. ఇంజన్ బ్లాక్ పక్కన నీళ్ల దారులు మూసే ఇనప బిళ్లలుంటాయి. అవి తీసి లోపల చూడు."

"మళ్లీ వచ్చినావా పెద్దాయనా? నిన్ననే చెప్పినా గదా, పని చేసుకోనీ అని," అన్నాడు జాకీర్.

"ఆ ఇంజన్..."

"ఇంజన్ సంగతి నాకు చెప్తావా? ఇరవై ఏళ్ల నుంచి నాది ఇదే పని."

"రోడ్డు మీద పొయ్యే ప్రతివాడూ మెకానిక్కే," అన్నాడు హరినాథ్.

"ఒక్క మాట..."

"టీకొట్టు ఎదురుగా ఉంది. ఆడ చెప్పుకో, వింటారు," అన్నాడు జాకీర్.

ముసలాయన మైపాడు బస్సెక్కాడు.

జాకీర్ లారీ రేడియేటర్ బిగించాడు. ఫ్యాన్ మార్చాడు. వాటర్ పంపు మార్చాడు.

బుధవారం సాయంత్రం నాలుగింటికి ఖాళీ కారుతో బయల్దేరారు. ఇందుకూరుపేట దాటాక వేడి చూపే సూది ఎర్రగీత మీదికి పోయింది.

"ఆపన్నా!"

"ఆపితే రేపు లోడు నువ్వు మోస్తావా?"

హరినాథ్ ఆపలేదు. రెండు కిలోమీటర్ల తరవాత ఇంజనే ఆగింది.

బ్లాక్ పగిలింది.

జాకీర్ షెడ్డులో బిళ్లలు తీశాడు. లోపల నీళ్లు తిరిగే దారుల్లో ఉప్పు గడ్డకట్టి ఉంది. స్క్రూడ్రైవర్ దిగలేదు.

"ముందే తీసి ఉంటే?" అన్నాడు హరినాథ్.

"యాసిడ్ పోసి కడిగేవాణ్ణి. ఒక పూట పని."

గురువారం పిల్ల వేరే వాళ్ల వ్యానులో పోయింది.

జాకీర్ ఆదిశేషమ్మకు ఫోన్ చేశాడు.

"ఉప్పు పట్టిన ఇంజన్ అమ్మినావే అక్కా! ఒక్క మాట చెప్పకూడదా?"

"అది చెప్పమనే గదా మా చిన్నపోలయ్యను రెండు దినాలు నీ షెడ్డుకు పంపించినా," అంది ఆదిశేషమ్మ. "తొమ్మిదేళ్లు ఉప్పుకాలవ నీళ్లు పోసి ఆ ఇంజన్ తిప్పింది ఆయనే."