మేకల మలుపు

"ఓడితే బండి అమ్మేస్తావు. మళ్ళీ పందెం మాట ఎత్తవు. సరేనా?" అంది నజ్లా, పొయ్యి మీద వంకాయలు కాలుస్తూ.

"గెలిస్తే?" అన్నాడు కొడుకు వాయిల్.

"వేసవిలో కొండ పందేనికి నేనే నీ పేరిస్తాను. ముందు ఆదివారం ఇదే కొండ దారిలో నన్ను గెలిచి చూపించు."

ఎదుటి బాల్కనీల్లో కాఫీ తాగుతున్న వాళ్ళంతా విన్నారు. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. మా కొండ ఊళ్ళో మాట జారితే లోయలో పడ్డట్టే, ఎవరూ ఏరి తేలేరు.

నజ్లా ఒకప్పుడు ఆ కొండ మీద మగ డ్రైవర్లందరి చేతా దుమ్ము తినిపించిన మనిషి. మేకల మలుపులో బండి ఒరిగి పల్టీ కొట్టాక, భుజంలో ఇనుప పట్టీ వేయించుకుని పందేలు మానేసింది. ఇప్పటికీ ఎవరైనా ఆ మలుపు పేరెత్తితే చెయ్యి భుజం మీదికి పోతుంది.

తల్లీకొడుకులిద్దరివీ ఒకే మోడల్ పాత జర్మన్ కార్లు. ఆమెది పందేల రకం. అతనిది కూరలు తెచ్చుకునే రకం. తేడా అంతా బండి కిందే ఉంది. మలుపులో బండి ఒరిగిపోకుండా ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలిపి పట్టుకునే కడ్డీ ఉంటుంది, స్వే బార్ అంటారు. ఆమె బండికి అది బొటనవేలంత లావు. వాయిల్ బండికి చిటికెన వేలంత. ఇంటి కిటికీలకు పూయగా మిగిలిన నీలం రంగు దానికి పూశాడు వాయిల్.

"మనిషి సన్నమైనా సోకులకేం తక్కువ లేదు" అని నజ్లా అప్పట్లో ఆ కడ్డీని చూసి నవ్వింది.

లావు కడ్డీ కొత్తది కావాలని బీరూట్ నగరంలో అడిగితే ఓ బండి ధరంత చెప్పారు. వాయిల్ పాత సామాన్ల షాహీన్ దగ్గరికి పరిగెత్తాడు.

"బాబాయ్, నాకు లావుది కావాలి. నా దగ్గరున్నది ఇంతే."

షాహీన్ డబ్బు వైపు చూడలేదు. "దొరక్కపోతే ఏం చేస్తావు? ఆ చీపురుపుల్లతోనే మేకల మలుపు ఎక్కుతావా?"

"ఎక్కుతాను."

"పిచ్చి ముదిరింది నీకు. మీ అమ్మకి తెలుసా ఈ సంగతి?"

"తెలియకపోతే మీరు చెప్పేస్తారుగా."

షాహీన్ ఏదో గొణుక్కుని, ఇప్పుడు లేదు, గురువారం రమ్మన్నాడు.

గురువారానికి కడ్డీ సిద్ధంగా ఉంది. తుప్పు లేదు, పగులు లేదు. వాయిల్ నమ్మలేక అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎక్కడిది బాబాయ్ ఇది?"

"పుట్టుపూర్వోత్తరాలు అడిగితే రేటు పెరుగుద్ది. బిగించుకుని, నీ పాతది తెచ్చి నాకు పడెయ్. ఇనుము ఇనుమే."

సాయంత్రానికి బిగించుకున్నాడు. పాతది తెచ్చి పడేశాడు. ఊరి మొదటి మలుపులో వేగంగా తిప్పితే, వెనక సీటు మీది ఆలివ్ నూనె డబ్బా కదలకుండా కూర్చుంది. వాయిల్‌కి ఆ రాత్రి అన్నం సహించలేదు, సంతోషంతో.

ఇంటి దగ్గర నజ్లా తన షెడ్డుకి తాళం వేసింది. "పందెం అయ్యేదాకా నా బండి ఛాయలకి రాకు. నిన్ను నమ్మడానికి లేదు."

ఆదివారం పొద్దున్నే ఊరి కుర్రాళ్ళు దారికి రెండు కొసల్లోనూ వచ్చేపోయే బండ్లు ఆపేశారు. పైన షాహీన్ గడియారం పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కొక్కరే ఎక్కాలి, ఎవరు త్వరగా చేరితే వాళ్ళదే గెలుపు. ముందు నజ్లా బయల్దేరింది.

మొదటి రెండు మలుపుల్లోనూ ఆమెకి తిరుగు లేదు. వాయిల్ కింద నించుని చూస్తూ ఓడిపోయాననే అనుకున్నాడు. తరవాత మేకల మలుపు వచ్చింది.

తల్లి బండి తాగినవాడిలా పక్కకి ఒరిగింది. లోపలి చక్రం నేల వదిలింది. పందెం పాడుగాను, ఆ చక్రం మళ్ళీ నేలకి దిగితే చాలనుకున్నాడు వాయిల్. బండి అంచు దాకా జారింది, రాళ్ళు లోయలోకి దొర్లాయి. చక్రం నేలకి తగిలింది. నజ్లా ఎలాగో తిప్పుకుని పైకి పోయింది.

"నజ్లాకి చేతులు పడిపోయాయి. వయసు మరి" అన్నారెవరో.

వాయిల్‌కి కోపమొచ్చింది, కానీ తన వంతు వచ్చేసింది. మేకల మలుపు దగ్గర భయమేసింది. అయినా బ్రేకు మీద కాలు పెట్టలేదు. బండి రోడ్డుని కరుచుకుని తిరిగింది. ఒరగలేదు, జారలేదు. అంత తేలిగ్గా తిరగడం చూసి అతనికే ఆశ్చర్యమేసింది.

పైకి చేరేసరికి షాహీన్ గడియారం చూపించాడు. గెలిచాడు, ఒక్క రెప్పపాటు తేడాతో.

నజ్లా రాతి గోడ మీద కూర్చుని ఉంది. చెయ్యి భుజం మీదే ఉంది.

"వెళ్ళు. నీ పేరిస్తాను. మాటంటే మాటే."

"కావాలని ఓడిపోయావా అమ్మా?"

"నేనా? నీ చేత ఆ బండి అమ్మించాలని ప్రాణం పెట్టి తోలాను. ఇంకొక్క మలుపుంటే నిన్ను మింగేసేదాన్ని."

ఆ మాట అబద్ధం కాదని మొహమే చెబుతోంది.

"మరి అంతలా ఎందుకొరిగింది?"

"వాళ్ళన్నారుగా, వయసని. పద, ఆకలేస్తోంది."

షాహీన్ అటు తిరిగి సిగరెట్ వెలిగించుకున్నాడు. వాయిల్‌కి మనసొప్పలేదు. ఏ బోల్టు ఊడిందో, ఇంకోసారి బండెక్కితే ఏమవుతుందోనని నేల మీద వెల్లకిలా పడుకుని తల్లి బండి కిందికి దూరాడు.

ముందు చక్రాల మధ్య, కిటికీల నీలం రంగులో, అతని పాత సన్న కడ్డీ బిగించి ఉంది.