గీత కింద అక్షరాలు

"కొత్త చెప్పులా? తెగ కిర్రుమంటున్నాయే" అన్నారు మాస్టారు, తలెత్తకుండానే.

సర్వజ్ఞుడు గుమ్మంలోనే తడబడ్డాడు. తెలియని విషయం మీద కూడా గంటసేపు మాట్లాడగలడని అక్క పెట్టిన పేరది. వయసు నలభై దాటింది. ఇప్పటికి రెండు ఉద్యోగాలు ఊడాయి, రెండూ నోటి చలవే. "ఇదీ పోగొట్టుకున్నావంటే మీ బావ ఇంకెవరి దగ్గరా నీ మాట ఎత్తరు" అని పొద్దున్నే చెప్పి మరీ పంపింది అక్క.

అది మ్యూజియం వెనక గది. నాణేల వ్యవహారమంతా అక్కడ మాస్టారిదే. ఆయనకు సహాయకుడు కావాలన్నారు. కిటికీలకు తెరలు వేసి ఉన్నాయి. బల్ల మీద చెక్క ట్రేలో ముప్పై రోమన్ నాణేలు, పక్కన చిన్న కవర్ల కట్ట. అడిగి తెచ్చుకున్న బావ కోటు సర్వజ్ఞుడి భుజాల మీంచి జారిపోతోంది. మాస్టారు దాని వంక చూడనందుకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

"కూర్చో నాయనా. లైటు వేసుకుని ఆ భూతద్దం తీసుకో. నాణేన్ని ఏ ఊళ్ళో కొట్టారో చెప్పే టంకశాల గుర్తులు, వాటి సంగతి తెలుసా?"

"నాకు కొట్టిన పిండండీ."

నిజానికి ఆ మాట విని మూడు రోజులే అయింది. లైబ్రరీ పుస్తకంలో ఎనిమిది పేజీలు చదివాడు. అందులో రెండు బొమ్మలే.

"అయితే మొదటిది తియ్యి. వెనకవైపు బొమ్మకి కింద ఒక గీత ఉంటుంది. ఆ గీత కింద ఏ అక్షరాలున్నాయి?"

సర్వజ్ఞుడికి ముచ్చెమటలు పట్టాయి. అయినా మేకపోతు గాంభీర్యం వదల్లేదు.

"దీనికి కింద గీత లేదండీ. గీతా, అక్షరాలూ అన్నీ పైనే ఉన్నాయి. చాలా అరుదైన రకం. దీని మీద ఒక వ్యాసం రాయాలి."

"వ్యాసం తర్వాత రాద్దువుగాని. బొమ్మలో మనిషి ఎలా నిలబడ్డాడు?"

"తల... కిందికి ఉందండీ."

"నాణెం తిప్పు నాయనా."

తిప్పాడు. మనిషి కాళ్ళ మీద నిలబడ్డాడు, అక్షరాలు కిందికి దిగాయి. "ఎస్, ఎం, ఎ, ఎన్, టి" అని బుద్ధిగా చదివాడు.

"అంతియొకయ. కవరు మీద రాయి."

రెండోది బాగా అరిగిపోయింది. "రోమ్ అండీ" అన్నాడు టక్కున.

"అక్షరాలు కనబడ్డాయా?"

"రోమన్ నాణెం కదండీ..."

"ఊరు చెప్పడం నా పని. నీకు కనబడింది చెప్పు. కనబడకపోతే కనబడలేదని చెప్పు."

ఈయన దగ్గర తన పప్పులుడకవని సర్వజ్ఞుడికి అర్థమైపోయింది. అతను "పి, ఎల్, ఓ, ఎన్" అనడం ఆలస్యం, "లండన్ టంకశాల, అందులో మొదటి కార్ఖానా" అనేస్తున్నారు మాస్టారు. నాణేన్ని చేతిలోకైనా తీసుకోవడం లేదు. అన్నీ కంఠతా వచ్చిన మనిషి ముందు అబద్ధమాడటం కంటే బుద్ధితక్కువ పని ఇంకోటి లేదనిపించింది. మధ్యాహ్నానికి మెడ పట్టేసింది, ఇరవై తొమ్మిది కవర్లు నిండాయి.

ముప్పయ్యో నాణెం మీద మొదటి అక్షరం ఎస్, చివరిదీ ఎస్. మధ్యది చెరిగిపోయింది. పుస్తకంలో అచ్చం ఇలాంటి బొమ్మే ఉంది. ఊరు సిస్కియా. అనేస్తే ఒక్క దెబ్బకి పండితుడైపోతాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగడం ఎంత కష్టమో సర్వజ్ఞుడికి ఆ క్షణంలోనే తెలిసింది.

"మధ్య అక్షరం కనబడటం లేదండీ. ఊహించి చెప్పగలను, కానీ నా ఊహలు నన్నెప్పుడూ బాగుచెయ్యలేదు. అసలు నాకీ విద్య రాదు మాస్టారూ. మొన్నటిదాకా టంకశాల అంటే అదేదో బడి అనుకున్నాను."

మాస్టారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

"విద్య నా దగ్గరుంది నాయనా. ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషే దొరకలేదు. నీకు ముందు వచ్చిన ఇద్దరూ భూమ్మీద లేని ఊళ్ళు చదివారు. రేపు పదింటికి వచ్చెయ్యి."

సర్వజ్ఞుడికి ఇంత బతుకులో నోరు మూసుకున్నందుకు దొరికిన మొదటి ఉద్యోగం ఇది. అక్కకి ఈ మాట ఎలా చెప్పాలో ఆలోచిస్తూ లేచాడు. ఎంతైనా పాత అలవాటు, ఉండబట్టలేక అడిగేశాడు.

"మీ పరీక్షలో ఎన్ని తప్పు చదివానండీ?"

"నాకెలా తెలుస్తుంది?" అన్నారు మాస్టారు. ఆ తర్వాత గొంతు బాగా తగ్గించారు. "తలుపు వేసి ఉందా?"

"ఉందండీ."

"పైవాళ్ళకి తెలిస్తే రేపే నన్ను ఇంటికి పంపేస్తారు. నాకు చూపు పోయి ఏడాదైంది."