బేరింగులు తినే కరెంటు

రండి, దగ్గరికి జరగండి. ఆ మూల గుసగుసలు కట్టిపెట్టండి. లేచి వెళ్లేవాళ్లు ఇప్పుడే వెళ్లండి, మధ్యలో కదిలితే ఊరుకోను. ఇది ఒక మోటారు సంగతి. అది కీచుమని అరిస్తే ఫ్యాక్టరీ కప్పు మీది పావురాలు రెక్కలతో చెవులు మూసుకునేవి. ఒట్టు!

అప్పటికి గ్రీజు బాబాయి పాడైన నాలుగో బేరింగు చేత్తో పట్టుకుని మేనేజరు ముందు నిలబడి ఉన్నాడు. ఇరవై ఆరేళ్లుగా అక్కడ ఫిట్టరు. పేరు అందరూ మరిచిపోయారు, గ్రీజు మిగిలింది.

“రెండేళ్లలో నాలుగు! గ్రీజు మోటారుకి పెడుతున్నావా, ఇంటికి తీసుకెళ్లి తలకి రాసుకుంటున్నావా?”

“తలకి రాసుకుంటే ఇలా బట్టతల అయ్యేదా సారూ?”

నవ్వినవాళ్లు మేనేజరు మొహం చూసి నవ్వుని దగ్గుగా మార్చుకున్నారు.

“ఐదోది పోయిందంటే నీ ఉద్యోగమూ పోయినట్టే. ఆ మోటారు ఆగితే గోడ అవతల పొగ లాగే ఫ్యాను ఆగి హాలంతా పొగే. రెండొందలమంది ఊపిరయ్యా అది!”

ఆ హాలు వేరే శాఖది. మోటారు ఇరుసు గోడలోని కన్నంలోంచి దూరి దర్జాగా అటు వెళ్లిపోతుంది. మనిషి వెళ్లాలంటే మాత్రం మూడు సంతకాలు కావాలి. ఆ మూడూ సంపాదించిన మొనగాడు అప్పటివరకూ పుట్టలేదు.

మేనేజరు అప్పటికే మూడు కమిటీలు వేశాడు. మొదటిది గ్రీజు మార్చమంది. రెండోది మోటారుకి రంగు వేయమంది. మూడోది ఫిట్టర్ని మార్చమంది.

బాబాయి బేరింగు పట్టుకుని, అక్కడే ఎలక్ట్రీషియన్‌గా చేస్తున్న బామ్మర్ది దగ్గరికి వెళ్లాడు. అతను దాన్ని కోయించి, లోపలి రింగు వెలుతురులో తిప్పి చూశాడు. దువ్వెన పళ్లలా వరసగా గీతలు.

“బావా, నీ తప్పు కాదిది. కరెంటు కొరికేసింది.”

“కరెంటుకి పళ్లెప్పుడొచ్చాయిరా?”

“వేగం పెంచడానికీ తగ్గించడానికీ కొత్త డ్రైవు పెట్టె తగిలించారే, ఆ రోజే. అది కరెంటుని సెకనుకి వేలసార్లు తెంచి తెంచి పంపుతుంది. అందులో కాస్త ఇరుసెక్కి కూర్చుంటుంది. దిగే దారి లేదు. బేరింగు గుండ్ల మీంచి దూకుతుంది. దూకిన చోటల్లా ఓ సన్న గుంట. గుంటలన్నీ కలిసి ఇదిగో, ఈ గీతలు.”

“గ్రీజు ఎంత కుక్కినా?”

“దాన్నీ మాడ్చేస్తుంది.”

“మరెలా చావడం?”

“చావడం దేనికి బావా? బొగ్గు బ్రష్షు ఒకటి ఇరుసుకి ఆనించి, రాగితీగతో భూమికి కలుపుదాం. పెద్దమనిషిలా దాంట్లోంచి దిగిపోతుంది.”

మేనేజరుకి చెబితే గుండె పట్టుకున్నాడు. “అరగంట ఆపాలా? రెండొందలమందయ్యా!”

చివరికి ఒప్పుకుని, మోటారు ఆగినంతసేపూ గోడకి చెవి ఆనించి నిలబడ్డాడు.

“దగ్గు వినబడుతోందా సారూ?” బాబాయి బ్రష్షు బిగిస్తూనే అడిగాడు.

“కిక్కురుమనడం లేదు. ఎంత ఓర్పయ్యా వాళ్లది! కానివ్వు, కానివ్వు!”

ఏడు నెలలు గడిచాయి. కీచు లేదు, కూత లేదు. నడుస్తోందో లేదో తెలియక బాబాయి రోజుకి పదిసార్లు మోటారు మీద చెయ్యి వేసి చూసుకునేవాడు. పావురాలు పిల్లల్ని కూడా పెట్టాయి.

పెద్ద సభ జరిగింది. బొగ్గు బ్రష్షు ఆలోచన మొదట తనకే వచ్చిందని మేనేజరు గంటసేపు చెప్పాడు. తర్వాత బాబాయిని పిలిచి, ఉద్యోగానికి ఢోకా లేదని అందరి ముందూ ప్రకటించి, కాగితం చేతిలో పెట్టాడు. “రెండొందలమందికి ఊపిరి పోసిన చేతులివి!” అన్నాడు. చప్పట్లు హోరెత్తాయి. బాబాయి కళ్లు తుడుచుకున్నాడు. బామ్మర్ది ఈల వేశాడు.

కుర్చీలు వేయడానికి అవతలి హాలు నుంచి మూడు సంతకాలతో పంపిన ఊడ్చే ఆవిడ, కొంగుతో మొహం విసురుకుంటూ అడిగింది:

“ఇంత చేశారు కదయ్యా, అటుపక్క ఒట్టిగా తిరిగే ఆ ఇరుసుకి ఓ ఫ్యాను కూడా తగిలించకూడదూ?”